గాయపడిన విలుకాండ్రు

ఏకలవ్యుని కథ నెఱుగని తెలుగువా రుండరు. ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు నడుగుటయు, ఆ నిషాదకుమారుడు మాఱుమాట పలుకక కోసి యిచ్చుటయు మన పిల్లలకు గురుభక్తికి దృష్టాంతముగ చెప్పబడుచున్నవి. ద్రోణుడు చేసినది న్యాయమా, అన్యాయమా యను వాదము ఎన్నియో తడవలు జరిగినది. దాని నిట మరల తలకెత్తుకొనను. సంస్కృతభారతమున నాదిపర్వమందు ఈ కథ చివర నొక చిన్న మాట కలదు. పురాణము చెప్పువారు తఱచుగ దానిని విడిచిపెట్టుదురు. వ్రేలు పోయిన పిమ్మట నేకలవ్యుడు విల్లు మానలేదు. మిగిలిన వ్రేళ్లతో నారిని లాగి బాణములు వేసెను. అయితే మునుపటి వేగము రాలేదు. కథకు డింతమాత్రము చెప్పి, అర్జునుని మనస్తాప మడగెనని సంతోషించి, ముందునకు సాగిపోయెను.

నాకు మాత్రము కథలో నన్నిటికంటె విలువైన వాక్యము ఆ చిన్న మాటయే యని తోచును. వ్రేలు తెగిన మఱునాడు విల్లు చేతబట్టి, ఏ వ్రేలితో లాగిన నొప్పి తక్కువగ నుండును, బాణము నే ప్రక్క నుంచిన జాఱకుండును అని యొంటరిగ వెదకుకొనిన వాని శ్రమను గూర్చి ఎవ్వరును వ్రాయలేదు. గాయపడిన దేహముతో విల్లు పట్టినవారి చరిత్ర యింతకాలము ఇట్లే మాటున నుండినది.

ఆ నిషాదుడు చేసినదేమో తెలియవలెనన్న, నారిని లాగు పద్ధతులను గూర్చి కొంత తెలియవలెను. అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ మోర్స్ అను జంతుశాస్త్రజ్ఞుడు జపాను మిత్రు డొకనితో కలిసి బాణములు వేయుచు, తాను లాగు రీతియు మిత్రుడు లాగు రీతియు పూర్తిగ వేఱుగ నుండుట చూచి యాశ్చర్యపడి, నానాదేశముల పద్ధతులను విచారించి 1885లో నొక గ్రంథము ప్రకటించెను. అతడు చెప్పిన భేదములలో ముఖ్యమైనవి రెండు. ఆసియాఖండమున మంగోలులు, చైనీయులు, జపానీయులు, తురుష్కులు, పారసీకులు బొటనవ్రేలిని నారికి కొక్కెమువలె వంచి, చూపుడువ్రేలితో దానిని బిగించి లాగిరి. మన పూర్వులలోను ఈ పద్ధతియే గౌరవము పొందినదని ఏకలవ్యుని కథయే సాక్ష్యమిచ్చుచున్నది. ఐరోపావారు బొటనవ్రేలిని నారికి తాకనీయక, చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లతో లాగిరి. బాణమునుంచు ప్రక్కయు దీనినిబట్టి మాఱును. కుడిచేత లాగువానికి, బొటనవ్రేలి పద్ధతిలో బాణము వింటికి కుడివైపునను, వ్రేళ్ల పద్ధతిలో నెడమవైపునను ఆనును. లాగు చేయి నారిని ఏ వంకకు మెలిపెట్టునో, ఆ మెలిక బాణమును వింటికి ఒత్తిపెట్టవలెను గాని త్రోసివేయరాదు. కావున ఏకలవ్యుడు వ్రేలొకటి మార్చినంతమాత్రమున పని ముగియలేదు. చిన్ననాటినుండి అభ్యసించిన విద్యనంతయు నెదుటి ప్రక్కకు త్రిప్పుకొనవలసి వచ్చియుండును. వేగము తగ్గెననుటలో వింత లేదు. బాణము వేయగలిగెననుటయే వింత.

ఇందొక విషయము గమనింపదగినది. ద్రోణు డడిగిన వ్రేలు ఇంగ్లండు విలుకానికి పోయినయెడల, నారిని లాగుటకు వాని కేమియు లోటు రాదు. ఇంగ్లండు విలుకానిని చెఱుపదలచిన శత్రువు వేఱు వ్రేళ్ల నడుగవలెను. అట్లడిగినట్లే వ్రాతయు కలదు. 1415లో అజింకోర్టు యుద్ధమునకు ముందు ఐదవ హెన్రీ రాజు తన సైనికులతో మాటలాడుచు, పట్టుబడిన విలుకాండ్ర కుడిచేతి వ్రేళ్లు మూడు కోయుదుమని ఫ్రెంచివారు బెదరించినట్లు చెప్పెనని జాన్ ద వావ్రె తన చరిత్రలో వ్రాసెను. ఆ బెదరింపు నిజమో, సైనికులకు పౌరుషము తెప్పించుటకు రాజు కల్పించినదో గాని, లెక్క మాత్రము సరిగనున్నది. ఆసియాలో ఒక వ్రేలు, ఐరోపాలో మూడు. క్రూరత్వమునకు గూడ ఆయా దేశముల యభ్యాసము తెలిసియే యుండెను. ఏ అవయవము లేనిదే విద్య లేదని మన మందుమో, ఆ యవయవ మవశ్యక మగుట దేహధర్మము కాదు, ఆచారధర్మము. ఒక దేశపు ఆచారమున ప్రాణమువంటి వ్రేలు మఱియొక దేశమున ఊరక ముడుచుకొని కూర్చుండును.

ఆచారము మార్చినచో విద్య చెడునని వాదించువారు నిండు దేహము గలవారి సాధనములనైన జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నారి మెత్తని వస్తువు కాదు. వట్టి వ్రేలితో పదేపదే లాగినచో చర్మము చీలును. అందుకే మన ఇతిహాసముల వీరులు ఉడుముతోలు అంగుళిత్రాణము ధరించిరి. తురుష్కులును మొగలాయీలును కొమ్ముతోను, ఎముకతోను, పచ్చరాతితోను బొటనవ్రేలి యుంగరములు చేయించుకొనిరి. రాజుల యుంగరములలో రత్నములు పొదిగినవియు కలవు. ఐరోపావారు వ్రేళ్లకు తోలుబిళ్లయు, ముంజేతికి తోలుపట్టెయు కట్టుకొనిరి. ఇవన్నియు నొప్పిని తప్పించుకొను నుపాయములే గదా! రాజు పెట్టుకొనిన నలంకారము, కుంటివాడు పెట్టుకొనిన నక్రమము అనుట యెట్టి న్యాయము?

నిండు దేహములును విల్లు వలన చెడుచుండెను. 1545లో మునిగి 1982లో సముద్రమునుండి పైకి తీయబడిన మేరీ రోజ్ అను ఇంగ్లీషు యుద్ధనౌకలో విండ్లతోపాటు మనుష్యుల యెముకలును దొరకినవి. ఆ యెముకలలో కొన్నింట భుజాగ్రపు చిన్న యెముక తక్కిన ఫలకముతో కలియక విడిగ నుండుట సాధారణముకంటె హెచ్చుగ కనబడినది. బాల్యమునుండి బలమైన విండ్లు లాగుటయే దీనికి హేతువని పరిశోధకు లూహించిరి. ఆ విండ్లను నిండుగ లాగుటకు 100 పౌన్లకు మించిన బలము కావలెనని లెక్క కట్టిరి. నేటి ఒలింపిక్ క్రీడలలో పురుషులు వాడు విండ్లకు 50 పౌన్ల చుట్టుపట్ల చాలును. భుజము నొచ్చిన విలుకానికి మొదటి చికిత్స యిందే యున్నది. వింటి బలము తగ్గింపవలెను. ఇది యవమానమని తలచి బిగువు విల్లునే పట్టుకొని వ్రేలాడువాడు కొన్నాళ్లకు ఏ విల్లును పట్టలేని స్థితికి వచ్చును. రెండవది, చేతి కండలతో గాక వీపు కండలతో, రెండు రెక్కయెముకలను దగ్గఱకు చేర్చుచు లాగుట నేర్చుకొనవలెను. భుజము చెవివైపునకు లేచినచో సందు నలిగి నొప్పి కలుగును. దానిని దించి యుంచవలెను. అప్పటికిని కుదురనిచో చేయి మార్చుకొనవలెను. కుడిచేత లాగువాడు ఎడమచేత లాగుట నేర్వవచ్చును. మొదటి నెలలు పసివాని నడకవలె నుండును, తరువాత నలవడును. మన యిండ్లలో పిల్లవాడెవ్వడైన నెడమచేత వ్రాసినచో చేతిపై కొట్టెడి యాచారము పూర్తిగ పోయినదని చెప్పజాలము గనుక, ఈ మాట ధనుర్విద్యకే చెల్లునని చదువరు లనుకొనకుందురు గాక.

ఇంతవఱకు చెప్పినది ఒక వ్రేలు, ఒక భుజము చెడినవారి సంగతి. దేహమున సగము చచ్చుబడినవారి చేత విల్లు పెట్టుట 20వ శతాబ్దమున జరిగిన పని. వెన్నుపాము తెగినవారు మొదటి ప్రపంచయుద్ధ కాలమున నెక్కువమంది కొలదికాలములోనే పడకపుండ్లవలనను మూత్రకోశవ్యాధులవలనను మరణించిరి. బ్రతుకరని నిశ్చయించి వైద్యులే వారిని ఒక మూలకు చేర్చుచుండిరి. లుడ్విగ్ గుట్‌మన్ ఈ నిశ్చయము నంగీకరింపలేదు. ఆయన 1899లో జర్మనీలోని సైలీషియాలో యూదుకుటుంబమున జన్మించి, బ్రెస్లావునగరమున నాడీవైద్యుడుగ పేరొంది, హిట్లరు దౌర్జన్యమునకు 1939లో ఇంగ్లండు చేరెను. 1944 ఫిబ్రవరిలో బకింగ్‌హాంషైరులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నెముక గాయముల విభాగ మాయన యధీనమున తెఱవబడెను. రోగిని రేయింబవళ్లు రెండు గంటల కొకసారి ప్రక్క త్రిప్పవలెనని యాయన ప్రథమశాసనము. అర్ధరాత్రమున తానే వచ్చి చూచుచుండెనట. పుండ్లు మానినవి, రోగులు బ్రతికిరి. బ్రతికినవా రేమి చేయవలెనన్నది రెండవ ప్రశ్న. ఊరక కూర్చుండబెట్టి అన్నము పెట్టుట దయ యని లోక మనుకొనుచుండగా, ఆయన దానిని రెండవ మరణమని తలచెను.

క్రీడలు ప్రవేశపెట్టబడెను. చక్రాలకుర్చీలపై నాడిన పోలో మోటుగ నున్నదని మానిపించిరి. విలువిద్య నిలిచెను. దీనికి మంచి కారణము కలదు. వీపున వెడల్పైన కండ యొకటి కటియెముకనుండి బయలుదేఱి బాహువు నంటుకొనును. దాని నాడి మాత్రము మెడనుండి వచ్చును. కావున నడుము క్రింద స్పర్శ పోయినవానికిని ఆ కండ సజీవముగ నుండి, చచ్చిన భాగమునకును బ్రతికిన భాగమునకును వంతెన యగును. విల్లు లాగునపుడు పనిచేయు కండలలో నిది ముఖ్యమైనది. దానిని బలపఱచినకొలది రోగికి తన మొండెము నిలుపుకొను శక్తి వచ్చును. మఱియొక కారణము మనస్సునకు సంబంధించినది. పరుగుపందెములో కాళ్లు లేనివాడు కాళ్లున్నవానితో పోటీ చేయజాలడు, విలువిద్యలో చేయగలడు. గురిపలక బాణమునే యెఱుగును గాని బాణము వేసినవాని కాళ్ల నెఱుగదు.

అయినను కూర్చుండి విల్లు వేయుట నిలుచుండి వేయుదానివంటిది కాదు. నిలుచున్నవాడు పాదములు నేలపై నాటి, తుంటితో తూకము నిలుపుకొనును. నడుము చచ్చుబడినవాడు బరువైన విల్లు చాచినంతనే ఆ ప్రక్కకే వ్రాలిపోవును. అందుచేత ఱొమ్మునకు పట్టె వేసి కుర్చీ వీపునకు బిగింతురు. కుర్చీని గురికి అడ్డముగ త్రిప్పుదురు. వింటి క్రిందికొమ్ము చక్రమునకో మోకాలికో తగులును గనుక విల్లును కొంచెము వాల్చి పట్టుటయో, కుఱుచ విల్లు తీసికొనుటయో చేయుదురు. కుర్చీ చేతిని తీసివేయుదురు. వ్రేళ్లును ముడువలేనివారికి విల్లును అఱచేతికే కట్టి, మణికట్టునకు తగిలించిన కొక్కెముతో నారిని లాగింతురు. ఈ యుపాయములలో నెక్కువభాగము పుస్తకములలో పుట్టినవి కావు. రోగియు శిక్షకుడును కలిసి, ఈ పట్టె ఇక్కడ ఒఱయుచున్నది, ఈ చక్ర మిక్కడ నడ్డుచున్నది అనుకొనుచు దినదినము సవరించుకొనినవి.

1948 జూలై 29వ తేది లండనులో ఆఱవ జార్జిరాజు ఒలింపిక్ క్రీడల నారంభించిన దినముననే, స్టోక్ మాండవిల్ పచ్చికబయలుపై 16 మంది చక్రాలకుర్చీలలో కూర్చుండి పోటీగ బాణములు వేసిరి. వారిలో 14 మంది పురుషులు, ఇద్దఱు స్త్రీలు; అందఱును సైన్యమున పనిచేసి గాయపడినవారే. రిచ్‌మండులోని స్టార్ అండ్ గార్టర్ ఆశ్రమమువారు స్టోక్ మాండవిల్ వారిని గెలిచిరి. మఱునాటి పత్రికలకు వెంబ్లీ క్రీడారంగమే కావలసియుండెను. కాని నేడు పారాలింపిక్సు అని లోకము పిలుచు మహోత్సవమునకు మూలము ఆ పచ్చికబయలే. 1952లో డచ్చి సైనికులు వచ్చి కలిసిరి. 1960లో రోమునగరమున 23 దేశములవారు సుమారు 400 మంది కూడిరి. అక్కడ బ్రిటనుకు మొదటి స్వర్ణపతకము తెచ్చినది మార్గరెట్ మాన్ అను ఉపాధ్యాయిని. ఆమె 1959లో ఆఫ్రికాలో, నేడు మలావి యనబడు దేశమున, మోటారు ప్రమాదమున నడుము చెడి, స్టోక్ మాండవిల్‌లో చికిత్స పొందుచు విల్లు నేర్చుకొనెను. నేర్చిన మఱుసటి సంవత్సరమే గెలిచెను. పందెము ముగిసిన పిమ్మట తాను గెలిచినట్లు తెలియక ఆమె బస్సులో కూర్చుండియుండగా, పతకప్రదానమునకు వెదకికొని వచ్చి తీసికొనిపోయిరట.

ఇక నిండు దేహము గలవారి పందెములోనికే కుర్చీతో ప్రవేశించినది న్యూజీలండు స్త్రీ నెరోలీ ఫెయిర్‌హాల్. 1969లో మోటారుసైకిలు ప్రమాదమున ఆమె కాళ్లు చచ్చుబడినవి. 1982లో బ్రిస్బేనులో జరిగిన కామన్‌వెల్త్ క్రీడలలో, నిలుచుండి వేసిన స్త్రీలనందఱిని మించి స్వర్ణపతకము గైకొనెను. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. చక్రాలకుర్చీతో నొకరు ఒలింపిక్ పందెమున దిగుట అదియే మొదలు. అచ్చట 35వ స్థానము వచ్చెను. ఆమె గెలిచినపుడు లోకు లేమనిరో వినదగినది. కూర్చుండి వేయుట యొక యనుకూలము కాదా యని యడిగిరి! ఓడినచో జాలి, గెలిచినచో సందేహము. తా నెన్నడును నిలుచుండి వేయలేదు గనుక పోల్చి చెప్పజాలనని యామె సమాధానము. ఇంతకంటె మర్యాదగల చెంపదెబ్బ నేను వినలేదు.

సాధనములును ఈ నడుమ మాఱినవి. అమెరికాలో హోలెస్ విల్బర్ ఆలెన్ అనువాడు వింటి కొనల కప్పీలు తగిలించి, 1969లో దానికి పేటెంటు పొందెను. కాంపౌండ్ విల్లు అను పేర నిది ప్రసిద్ధము. మామూలు విల్లు లాగినకొలది బరువెక్కును. ఇది కొంతదూరము బరువెక్కి, చివరకు వచ్చుసరికి హఠాత్తుగ తేలికయగును. నిండుగ లాగి గురిచూచు నప్పుడు చేతిపై మూడవవంతుకంటె తక్కువ బరువే నిలుచును. వేటకాండ్రకొఱకు పుట్టిన యీ యుపాయము, నలిగిన భుజము గలవారికిని వణకు చేతులవారికిని వరమైనది. నారిని పట్టి, మీట నొక్కినంతనే విడుచు చిన్న పరికర మొకటియు దీనితో వాడుకలోనికి వచ్చెను. మీట నొక్కుటకు వ్రేలే కానక్కఱలేదు గదా!

ఈ ప్రశ్ననుండియే తరువాతి కథయంతయు పుట్టినది. అమెరికావాడగు జెఫ్ ఫాబ్రీ పదునైదవ యేట మోటారుసైకిలు ప్రమాదమున కుడిచేయియు కుడికాలును పోగొట్టుకొనెను. నారికి గట్టి పట్టెముక్క నొకటి తగిలించి, దానిని వెనుకపండ్లతో కఱచి, ఎడమచేత వింటిని ముందునకు త్రోసి, నోరు తెఱచి బాణము విడుచును. 2012లో లండను పారాలింపిక్సులో నిట్లే స్వర్ణపతకము గెలిచెను. పుట్టుకతో రెండు చేతులును లేని మాట్ స్టట్జ్‌మన్ అదే క్రీడలలో పాదముతో విల్లు పట్టి రజతపతకమును, 2024లో పారిసులో స్వర్ణపతకమును గెలిచెను.

మన దేశమున జమ్మూప్రాంతపు కిష్త్‌వాడ్ జిల్లాలో లోయీధార్ అను కొండపల్లెలో 2007లో శీతల్‌దేవి చేతులు లేకయే జన్మించెను. చెట్లెక్కుచు, పాదములతో వ్రాయుచు పెరిగెను. ఆమెకు కృత్రిమబాహువు లమర్పవలెనని పెద్దలు మొదట తలపెట్టిరి, అవి కుదురలేదు. పిల్లను లోకమున కనుకూలముగ మార్చుట సాధ్యముగాదని తేలిన తరువాతనే, లోకమును పిల్ల కనుకూలముగ మార్చు నాలోచన వచ్చెనన్నమాట. కాట్రాలోని క్రీడాశాలలో అభిలాషా చౌధరి, కుల్‌దీప్ వేద్వాన్ అను శిక్షకులు చేతులు లేనివారికి విల్లు నేర్పి యెఱుగరు. స్టట్జ్‌మన్ రీతిని గమనించి, ఆమె దేహమునకు తగిన పట్టెలను చేయించిరి. కుర్చీపై కూర్చుండి, కుడిపాదమున విల్లెత్తి పట్టి, కుడిభుజమునకు కట్టిన పరికరమునకు నారిని తగిలించి, కాలు చాచి లాగి, దవడతో మీట కదపి విడుచును. బాణమును నారికి తొడుగుటయు పాదముతోనే. తన శిష్యునిగ పుట్టని దేహమును జూచి, నా విద్య యిది, నీవు తగవు అనక, నీ దేహ మిది, నా విద్య నెట్లు త్రిప్పుదును అని యడిగిన గురువులు వీరు.

2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారాక్రీడలలో శీతల్ రెండు స్వర్ణములు, ఒక రజతము గెలిచెను. 2024 జనవరిలో భారతప్రభుత్వ మామెకు అర్జున పురస్కార మిచ్చెను. ఎవని కీర్తికొఱకు బొటనవ్రేలు కోయబడెనో, వాని పేరి బహుమానము చేతులు లేని బాలికకు వచ్చెను. రాష్ట్రపతి సన్నిధిని దాని నామె యెట్లందుకొనునో చూడ దేశమంతయు కన్నులప్పగించెను. అదే సంవత్సరము పారిసులో, ఏకాంతపందెమున చిలీదేశపు మరియానా జునీగా చేత 137కు 138గా, ఒక్క పాయింటు తేడాతో నోడెను. ఆ కొలదిదినములకే రాకేష్‌కుమారుతో కలిసి మిశ్రమపందెమున కాంస్యపతకము గెలిచెను. రాకేష్ నడుము క్రింద చచ్చుబడి చక్రాలకుర్చీనుండి వేయువాడు. ఒకే జట్టులో నొకరికి కాళ్లు పనిచేయవు, ఒకరికి చేతులు లేవు. ఇరువురి బాణములును ఒకే పలకను తాకినవి. ఆ క్రీడలలోనే హరియాణావాడగు హర్విందర్ సింగ్, పసితనమున సూదిమందు వికటించి కాళ్లు దెబ్బతిన్నవాడు, విలువిద్యలో మన దేశమునకు మొదటి స్వర్ణము తెచ్చెను.

ఇది చదివి మన యిండ్లలోని యవయవలోపము గలవారందఱును పతకములు తేవలెనని యెవ్వరును తలపకుందురు గాక. పతకము తెచ్చినపుడే వారిని మనుష్యులుగ చూచుట గూడ నొక విధమగు తిరస్కారమే. స్టోక్ మాండవిల్ బయలుపై ఓడిన జట్టువారును ఆ సాయంకాలము విండ్లు దింపి, గుట్‌మన్ వార్డులకు తిరిగి పోయి, మఱునాడు మరల అభ్యాసమునకు వచ్చినవారే. పల్లెలలోను పట్టణములలోను పెండ్లిపందిళ్లకు, గుడులకు, బడులకు మెట్లు కట్టునపుడు వాలుబాట యొకటి వేయుట కెంత ఖర్చగునో మేస్త్రి నడిగినవా రెందఱు? 2016లో భారతప్రభుత్వము చేసిన వికలాంగుల హక్కుల చట్టము దీని నొక ధర్మముగ గాక విధిగ చేసినది. అయినను చట్ట మింటిగడప దాటి లోనికి వచ్చుటకు, ఇంటివారు తలుపు తీయవలెను.

శీతల్ 2025 సెప్టెంబరులో కొరియాలోని గ్వాంగ్‌జు నగరమున ప్రపంచ పారా విలువిద్యా పోటీలలో తుర్కీదేశపు ఓజ్నూర్ జూరే గిర్దిని 146కు 143గా ఓడించి స్వర్ణపతకము గైకొనెను. ఆ నవంబరులో, చేతులు కాళ్లు నిండుగనున్న క్రీడాకారులతో పాటు ఎంపికపరీక్షలలో పాల్గొని, ఆసియా కప్పునకు పోవు భారతదేశపు కనిష్ఠుల జట్టులో స్థానము సంపాదించెను. ఆ పరీక్షలలో నామెకొఱకు వేఱు గురిపలక పెట్టలేదు.